ప్రాసెసర్ మార్చే ముందు, పని ఎక్కడ ఆగుతోందో చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 ఎక్కించాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి, లేదా వాటి తరువాత వచ్చిన ప్రాసెసర్ ఉండాలన్నది కంపెనీ నిబంధన. దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా తప్పనిసరి. రాజమహేంద్రవరంలో శుభలేఖలు, పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లు, తణుకు, తాడేపల్లిగూడెంలలో ట్యాలీ నడిపే రైసు మిల్లు ఆఫీసులు, భీమవరంలో రొయ్యల వ్యాపారుల లెక్కల గదులు, అమలాపురంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలు, ఊరూరా ఉన్న మీసేవ కేంద్రాలు, నెట్ సెంటర్లు అన్నిటికీ ఇప్పుడు ఒకటే ప్రశ్న. ఎనిమిది, పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌ను తీసేసి కొత్త ప్రాసెసర్ కొనాలా? వీటిలో ఎక్కువ చోట్ల అక్కర్లేదని నా అభిప్రాయం. కొన్ని చోట్ల మాత్రం ఈ రోజే కొనడం మంచిది. ఈ రెండింటి మధ్య గీత గీయాల్సింది ఆ కంప్యూటర్ మీద జరిగే పనే. చిప్పు పుట్టిన సంవత్సరానికి గానీ, కంపెనీ ప్రకటనకు గానీ ఆ అధికారం ఇవ్వకూడదు.

కంప్యూటర్ నెమ్మదించింది అనగానే ప్రాసెసర్ పాతబడిందనుకోవడం మనలో బలంగా నాటుకున్న నమ్మకం. లెక్క వేరుగా చెబుతోంది. పాత డెస్క్‌టాపుల్లో ఉండే హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ఉన్న చోటు రీడింగ్ హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు పడుతుంది. ఆ హెడ్ తన స్థానానికి జరగడానికి మరో ఎనిమిది మిల్లీసెకన్లు. మొత్తం పన్నెండు మిల్లీసెకన్లు దాటుతుంది కాబట్టి చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు ఎనభైకి మించి అందించలేదు. ఆ పన్నెండు మిల్లీసెకన్లలో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం మూడున్నర కోట్ల సార్లకు పైగా కొట్టుకుంటుంది, చేతిలో పని లేకుండానే. సాధారణ శాటా ఎస్ఎస్‌డీ అదే చిన్న ఫైలును మిల్లీసెకనులో పదో వంతులో ఇస్తుంది, సెకనుకు వేల సంఖ్యలో ఇస్తుంది. తూము ఇరుకైన చేనుకు పంట కాలువ ఎంత వెడల్పు చేసినా నీరు పెరగదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉదయం ఆన్ చేశాక డెస్క్‌టాప్ తెర కుదురుకోవడానికి అయిదు నిమిషాలు తీసుకునే యంత్రంలో ఆ ఇరుకు తూము చాలాసార్లు హార్డ్ డిస్కే. మిగిలిన చోట్ల 4 జీబీ ర్యామ్. అది నిండిపోయి బ్రౌజరూ, ఫొటోషాపూ డిస్క్ మీదికి పొర్లుతున్నప్పుడు ప్రాసెసర్‌ది ఏ తప్పూ ఉండదు.

ప్రాసెసర్ల వేగం రెండేళ్లకోసారి దాదాపు రెట్టింపవుతుందన్న పాత అనుభవం కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఒకప్పుడు అది నిజమే. 1994లో వచ్చిన ఒక పెంటియం గడియార వేగం 100 మెగాహెర్ట్జ్. 2004 చివరికి పెంటియం 4 శ్రేణి 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. పదేళ్లలో 38 రెట్లు. ఆ రోజుల్లో మూడేళ్ల నాటి కంప్యూటర్‌ను పాతదనడంలో అర్థం ఉంది. ఆ తరువాత ట్రాన్సిస్టర్లు చిన్నవైన కొద్దీ వేడి తగ్గుతుందన్న సూత్రం పనిచేయడం మానేసింది. 2024లో ఇంటెల్ అమ్మిన అత్యంత వేగవంతమైన డెస్క్‌టాప్ చిప్పు గరిష్ఠ వేగం 6.2 గిగాహెర్ట్జ్. అంటే ఇరవై ఏళ్లలో రెండు రెట్లు కూడా కాలేదు. ఒక్కో గడియారపు కొట్టుకు జరిగే పని బాగా పెరిగిన మాట నిజం, దాన్ని తక్కువ చేసి చెప్పడం సరికాదు. కానీ పెద్ద పెరుగుదల వచ్చింది కోర్ల సంఖ్యలో. పనిని ముక్కలు చేసుకోలేని సాఫ్ట్‌వేర్‌కు ఆ కోర్లు అక్కరకు రావు. సగం పని మాత్రమే పంచుకోగలిగితే కోర్లు ఎన్ని పెట్టినా వేగం రెట్టింపుకు మించదని కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే తేల్చాడు. తెలుగు డీటీపీలో ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తున్నది పేజ్‌మేకర్ 7, దాని మీద అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. ఆనాటి ఒంటి కోరు యంత్రాల కోసం రాసిన ఆ సాఫ్ట్‌వేర్‌కు పదహారు కోర్ల చిప్పు కొనిపెడితే పదిహేను కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. ట్యాలీలో బిల్లు కొట్టేవారిదీ దాదాపు ఇదే పరిస్థితి. మీసేవ, జీఎస్టీ పోర్టళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ గిర్రున తిరిగే చక్రం సర్వర్ కోసమో, నెట్ కోసమో ఎదురుచూస్తుంటుంది.

మన ప్రాంతానికి సొంతమైన కారణం ఇంకొకటి ఉంది. కంపెనీల బ్రోచర్లలో అది కనబడదు. ప్రాసెసర్ వంద డిగ్రీల దరిదాపుల్లోకి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాజమహేంద్రవరంలో బయటి ఎండే నలభై డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో, గోడకు ఆనించిన క్యాబినెట్‌లో, మిల్లుల చుట్టుపక్కలైతే ఊక దుమ్మూ బూడిదా, కోనసీమలో కొబ్బరి పీచు పొట్టూ హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుపోయి ఉంటే ఏ చిప్పైనా మందగిస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి ర్యామ్ కాళ్లు చిలుము పట్టడం అదనం. బ్లోయర్‌తో దుమ్ము ఊదించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసి కొత్తది రాయించి, ఫ్యాన్ మార్పిస్తే చాలా యంత్రాలు కొన్ననాటి వేగానికి తిరిగి వస్తాయి. కంప్యూటర్ బాగుచేసే కుర్రాడికి ఇది గంట పని. ఈ గంట పని చేయించకుండా కొత్త చిప్పు కొని అదే గదిలో, అదే దుమ్ములో పెడితే రెండు వేసవుల తరువాత మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది.

ఇక కొనాల్సిన వాళ్ల గురించి. పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలకు పై వాదన వర్తించదు. వారి పని నిజంగానే ప్రాసెసర్‌ను అరగదీస్తుంది. ఇప్పటి కెమెరాలు, డ్రోన్లు 4కె వీడియో తీస్తాయి. సోనీ కెమెరాల్లో చాలావాటిలో హెచ్.265, 10 బిట్, 4:2:2 పద్ధతిలో రికార్డు చేసే సదుపాయం ఉంది. రంగులు సరిదిద్దుకోవడానికి అది ఎంతో మేలు, ఎడిటింగ్ యంత్రానికి మాత్రం పెద్ద బరువు. ఈ రకం వీడియోను సులువుగా విప్పే ప్రత్యేక ఏర్పాటు ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లోని గ్రాఫిక్స్‌లో 11వ జనరేషన్ నుంచి వచ్చింది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 2025లో వచ్చిన 50 శ్రేణి దాకా రాలేదు. కనుక 7వ జనరేషన్ ఐ7 మీద ప్రీమియర్‌లోనో, ఎడియస్‌లోనో ఇలాంటి క్లిప్పులు తెగి తెగి నడుస్తుంటే ఎస్ఎస్‌డీ వేసినా, ర్యామ్ పెంచినా తీరే బాధ కాదది. ముహూర్తాల నెలల్లో ఒక్కో పెళ్లి వీడియో రెండర్ కోసం రాత్రంతా యంత్రాన్ని వదిలేసే స్టూడియోకు, ఆ సమయం సగానికి తగ్గితే మరో ఆర్డరు ఒప్పుకునే వీలుంటుంది. పెట్టిన డబ్బు తిరిగి వచ్చే దారి అక్కడ కళ్లకు కనిపిస్తోంది. అయితే కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ చిప్పులు కొంచెం చవకగా దొరుకుతాయి. వాటిలో గ్రాఫిక్స్ భాగం ఉండదు, కాబట్టి మనం చెప్పుకున్న ఆ ప్రత్యేక ఏర్పాటు కూడా ఉండదు. వీడియో పని కోసమే కొత్త యంత్రం కడుతూ ఆ అక్షరం దగ్గర కాస్త మిగుల్చుకుంటే, ఏ అవసరం కోసం బయలుదేరామో ఆ అవసరమే తీరకుండా పోతుంది.

కొత్త ప్రాసెసర్ అంటే ఒక్క చిప్పు ధర అనుకోవడం మరో పొరపాటు. 6, 7 జనరేషన్ల ఇంటెల్ బోర్డుల్లో 8వ జనరేషన్ చిప్పు పనిచేయదు, సాకెట్ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. 10, 11కు ఒక సాకెట్, 12 నుంచి 14 వరకు ఇంకో సాకెట్, 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200కు మరొకటి. ఏఎండీ ఏఎం5 బోర్డులూ, ఇంటెల్ తాజా బోర్డులూ డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి కనుక పాత ర్యామ్ పక్కన పడేయాల్సిందే. చిప్పు, బోర్డు, ర్యామ్, చాలాసార్లు పవర్ సప్లై కూడా కలిస్తే గానీ అప్‌గ్రేడ్ పూర్తి కాదు. పైగా 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. పేరున్న క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు వినియోగదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అత్యవసరం లేనివారు కొత్త వేదికకు మారడానికి ఇంతకన్నా అననుకూలమైన కాలం దొరకడం కష్టం. దీనికి ఒక మంచి మినహాయింపు ఏఎండీ ఏఎం4. 2017లో తొలి రైజెన్ కొన్నవారి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 శ్రేణి చిప్పు పడుతుంది. పాత డీడీఆర్4 ర్యామ్ అలాగే పనికొస్తుంది, విండోస్ 11 అర్హతా వస్తుంది. నిజంగా ప్రాసెసర్ ఒక్కటే మార్చి బాగుపడగలిగేది వీళ్లే. బోర్డు పేరు రాసుకుని తయారీదారు వెబ్‌సైట్‌లో జాబితా చూసుకుంటే సరిపోతుంది.

పన్ను మినహాయింపు ఉంది కదా, కొంటే నష్టమేమిటి అని కొందరు వ్యాపారులు అడుగుతారు. కంప్యూటర్ల మీద ఆదాయపు పన్నులో ఏటా 40 శాతం తరుగుదల చూపవచ్చు, జీఎస్టీలో కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. రెండూ నిజమే. కానీ టర్నోవర్‌లో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపించే పద్ధతి ఎంచుకున్న చిన్న వ్యాపారికి తరుగుదల విడిగా రాదు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మన వీధుల్లోని డీటీపీ సెంటర్లు, స్టూడియోల స్థాయి వ్యాపారాలకు తగినట్టు పెట్టిన పద్ధతులే ఇవి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రతది. దీనికి నేను తలవంచుతాను, అయితే అది ఎక్కడిదాకా నిజమో విడదీసి చూడాలి. 2017 మే నెలలో వాన్నాక్రై దాడి ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేయించుకోని యంత్రాలు బలయ్యాయి. అప్‌డేట్లు లేని కంప్యూటర్‌లో జనం ఆధార్, బ్యాంకు కాగితాలు స్కాన్ చేసి దాచడం తప్పు. ఆ విషయంలో రాజీ కుదరదు. కానీ ఆ దాడిలో కాపాడింది అప్‌డేటే. ప్రాసెసర్ వయసుకూ దానికీ సంబంధం లేదు. విండోస్ 11 జాబితాయే దీనికి సాక్ష్యం. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లున్న ఐ7-7700కె ఆ జాబితాలో లేదు. రెండే కోర్లున్న సెలెరాన్ జీ4900 ఉంది. సామర్థ్యం కోసమే ఆ గీత గీసి ఉంటే ఇలా ఉండదు. పాత యంత్రాలకు గడువు కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న వ్యక్తిగత కంప్యూటర్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా అందుతాయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే రుసుము కూడా లేదు. సంస్థలు యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లతో మొదలై ఏటా రెట్టింపయ్యే రుసుము కట్టి మూడేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రీ మార్చి విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే పద్ధతి మన షాపుల్లో ప్రచారంలో ఉంది. అలాంటి యంత్రానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. కాబట్టి ఇతరుల కాగితాలుండే చోట దాన్ని నేను సమర్థించను.

గడువు తీరాక ఏమిటన్నదానికి ఒకే జవాబు లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో కంపోజింగ్ మాత్రమే చేసే యంత్రానికి ఇంటర్నెట్ తీగ పీకేసి, ఫైళ్లను వైరస్ తనిఖీ చేసిన పెన్‌డ్రైవ్‌తో మార్చుకుంటే అది ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బ్రౌజర్ తప్ప మరేమీ వాడని నెట్ సెంటర్ కంప్యూటర్లకు, పాఠశాలల, కాలేజీల ల్యాబులకు లినక్స్ చక్కగా సరిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఉబుంటు ఆధారంగా సొంతంగా కూర్చుకున్న వ్యవస్థతో ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాయి. సీ, జావా, పైథాన్ అభ్యాసాలు చేయించే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకు కొత్త ప్రాసెసర్ల అవసరం నాకెంత వెదికినా కనిపించదు. ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీలు వేయించి, మిగిలినదానితో లైబ్రరీకి పుస్తకాలు కొనవచ్చు. లినక్స్ అందరికీ కుదరదు, ఆ మాటా చెప్పాలి. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాలు ఎక్కువగా విండోస్‌నే నమ్ముకుని ఉన్నాయి. మీసేవ కేంద్రం, ఆడిటర్ ఆఫీసు లాంటి చోట్ల పాత యంత్రం విండోస్ 11కు అర్హం కాకపోతే చివరికి మార్చక తప్పదు. అప్పుడైనా వారికి కావలసింది అర్హత. 8 నుంచి 12 వరకు ఏ జనరేషన్ ఐ3 అయినా, నమ్మకమైన చోట కొన్న వాడిన యంత్రమైనా ఆ పని పూర్తిగా చేస్తుంది.

కొత్త చిప్పులు కరెంటు ఆదా చేస్తాయన్న మాట వినసొంపుగా ఉంటుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిచే యంత్రం 30 వాట్లు తక్కువ తాగిందనుకుందాం. ఏడాదికి మిగిలేది 90 యూనిట్లు. యూనిట్ పది రూపాయలని వేసుకున్నా 900 రూపాయలు. అప్‌గ్రేడ్ ఖర్చు దీనితో తిరిగి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు. పైశ్రేణి చిప్పులైతే కథ తలకిందులవుతుంది. ఐ9-14900కె పూర్తి వేగంలో 253 వాట్లు తీసుకుంటుంది. మన షాపుల్లో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ భరించేది 360 వాట్ల వరకే. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిస్తే కరెంటు పోయిన మరుక్షణం అది చేతులెత్తేస్తుంది. ఖరీదైనది కొంటే ఎక్కువ కాలం మన్నుతుందన్న వాదనకూ పూచీ లేదు. ఇంటెల్ 13, 14 జనరేషన్ల పైశ్రేణి చిప్పులు అధిక వోల్టేజీ వల్ల పాడవుతున్నట్టు 2024లో బయటపడి, కంపెనీ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. ఏఐ కోసం కొనాలన్న ఒత్తిడి సంగతికొస్తే, మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ కంప్యూటర్‌కు 40 టాప్స్ సామర్థ్యమున్న ఎన్‌పీయూ (ఏఐ లెక్కల కోసమే ఉండే భాగం) కావాలంటుంది. కోర్ అల్ట్రా 200ఎస్ డెస్క్‌టాప్ చిప్పుల్లో ఉన్నది 13 మాత్రమే. చాట్‌జీపీటీ లాంటివి నడిచేది ఎక్కడో ఉన్న సర్వర్లలో, ఫోన్‌లో వాడుకున్నంత హాయిగా పాత డెస్క్‌టాప్‌లోనూ వాడుకోవచ్చు.

కంప్యూటర్ షాపుల వారికీ ఒక మాట. కొత్త యంత్రం అమ్మితే వచ్చే లాభం ఎస్ఎస్‌డీ వేసినందుకు రాదన్నది నిజం. అయినా పెళ్లి వీడియో చేసేవాడికి, శుభలేఖ కంపోజ్ చేసేవాడికి ఒకే కొటేషన్ ఇవ్వడం న్యాయం కాదు. చిన్న ఊళ్లలో వ్యాపారం నడిచేది మళ్లీ వచ్చే ఖాతాదారు మీద. కొనేవారు ఆ షాపు మెట్లెక్కే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఒక వారం పాటు, మీరు నిజంగా చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్న క్షణాల్లో దాన్ని చూడండి. డిస్క్ వంద శాతం దగ్గర ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి. మెమరీ నిండి ఉంటే ర్యామ్ పెంచండి. ఏదీ నిండకుండానే పేజీ రాకపోతే నెట్ కనెక్షన్ సంగతి చూడండి. సీపీయూ గీత తొంభై దాటి నిమిషాల తరబడి అక్కడే నిలిచి ఉంటే దుమ్ము దులిపించి మరోసారి చూడండి. అప్పటికీ దిగకపోతే, ఆ ఎదురుచూపు మీకు రోజూ ఆదాయం పోగొడుతుంటే, అప్పుడు నిస్సంకోచంగా కొత్త ప్రాసెసర్ కొనండి.